ఇనొస్తున్నదా

ముందుగాల అదే అడుగుత.
ఇనొస్తున్నదా సేటూ?

పొద్దుగాల పదిన్నర.
మిర్యాలగూడల గోనెసంచులు కుట్టే దుకాణం మీది అర్ర.
ల్యాప్‌టాప్ కింద రెండు ఇటుకలు,
నా ఎన్క ఉత్తుత్త పుస్తకాల బీరువా.
చెయ్యి జర ఎక్కువ ఊపితే
వేళ్లు అండ్ల మునిగిపోతయి.
తెర మీద నా పేరు ఆండీ.
ఇంట్ల పెట్టింది అండాలు, నాయనమ్మ పేరు.
కస్టమర్లకు నోరు తిరగదన్నడు
పుణెల కూసున్న మేనేజరు.
అండాలంటే నోరు తిరగనోడు
ఈ చుట్టుపక్కల ఏ మిల్లుల ఉన్నడో!

మొదటి మూడు నిమిషాలకు ఒక కాయితం ఇచ్చిండ్రు.
నవ్వాలె, పండ్లు కనబడాలె, మరీ ఎక్కువ కనబడొద్దు.
కెమెరా సుక్కనే సూడాలె, మనిషి మొఖం కాదు.
అంటే ఆయన్ను సూడకుంటేనే
ఆయనకు సూసినట్టు కొడ్తదన్నట్టు.
వాతావరణం మీద ఒక మాట అడగాలె.

వాతావరణం!
మొన్న కల్వకుర్తి సారును అడిగిన,
మీ దిక్కు మబ్బు ఎట్లున్నది సార్ అని.
కల్లంల వడ్లు ఆరబోసి ఉన్నయట,
రాత్రంత పట్టాలు కప్పుడే సరిపొయిందట.
మబ్బు సంగతి ఊసుపోక అడుగుతరా ఎవరన్న
అని కాల్ కట్ చేసిండు.
ఆ దినం సంది ఆ గీతను పెన్నుతోని కొట్టేసిన.

ఇయ్యాల వనపర్తి. గందె రామలింగం సేటు.
బియ్యంల నల్లగింజ ఏరే మిషిను, ఇరవై రెండు లక్షలు.
ఫోను బల్ల మీద ఎల్లెలకల పెట్టిండు:
నాకు కనబడేది తిరిగే ఫ్యాను, ఒక చెవి.
"ఆఁ, చెప్పు" అన్నడు.
గడప అవతల ఇడిసిన చెప్పు లెక్కనే ఉన్నది ఆ చెప్పు.

నేను కాయితం దిక్కు సూసిన.
నవ్విన.
గప్పుడే నెట్టు ఆగింది.
పండ్లు బయటపెట్టుకోని
పదిహేను సెకన్లు ఫోటో లెక్క నిలబడ్డ.

మళ్ల వచ్చేటాలకు, ఆయన దగ్గు ఎన్క, ఫ్యాను ఎన్క,
గోడ అవతల
టప్. టప్. టట్టప్.

మా నాయిన పందొమ్మిదేండ్లు మిల్లు డ్రైవరు.
రాత్రి షిఫ్టుకు సద్ది పట్టుకపోయి
ఎలివేటర్ పక్కన ఊక బస్తా మీద పండేదాన్ని.
నాకు జోలపాట అంటే బెల్టు చప్పుడే.
టట్టప్ మంచిది కాదు.

"సేటూ, ఏమనుకోకుండ్రి.
మీ ఎలివేటర్ బెల్టు జాయింటు ఇడుస్తున్నట్టున్నది.
ఒక డబ్బా గొట్టానికి తాకుతున్నది."

మాట లేదు.
చెవి పొయింది, ఫ్యాను మిగిలింది.
డెమో ఎందుకు మొదలుపెట్టలేదని
పుణె నుంచి మెసేజి. మళ్లొకటి.
అటు మిల్లు మెల్లగ, మెల్లగ ఆగింది.
ఆగినంక పిచ్చుకలు ఇనొచ్చినయి,
అన్ని పిచ్చుకలు ఆడ ఉన్నట్టు
సేటుకు కూడ తెల్వదేమో.

తొమ్మిది నిమిషాలకు ఒక మొఖం వచ్చింది,
కనుబొమ్మల మీద తౌడు.
ఫోను నిలువు పెట్టుకున్నడు.
"రెండు బోల్టులు ఊడినయి. ఇంకో గంటయితే తెగుతుండె.
ఏ ఊరు బిడ్డా మీది?
ఈడ ఆండీ అని ఉంటే
మర్యాదకు అండీ అని పెట్టుకున్నరేమో అనుకున్న."
ఇద్దరం నవ్వినం. నా పండ్లు ఎన్ని కనబడ్డయో లెక్కపెట్టలే.
"అండాలు, సేటూ."
"ఆఁ, చెప్పు అండాలు."

మిషిను సంగతి మాత్రం చెప్పనియ్యలే.
బెల్టు అతికే మనిషి కావాలె, మీ నాయిన వస్తడా అన్నడు.
ఆ ఒక్కదానికే నాకు మాట తడబడ్డది.

సాయంత్రం రిపోర్టు వచ్చింది.
పరిచయం: పద్నాలుగు నిమిషాలు, తగ్గించుకోవాలె.
డెమో: సున్న.

ఇంటికిపోయి నాయిన చెవికాడ నోరు పెట్టిన.
ఇనొస్తున్నదా నాయినా?
నా పెదవుల దిక్కే సూస్తున్నడు.
పందొమ్మిదేండ్ల మిల్లు ఆ చెవులల్లనే ఉండిపొయింది,
నా మాటకు జాగ లేదు.
అరచెయ్యి గుంజి, వేలితోని కొట్టిన:
టప్. టప్. టట్టప్.

"జాయింటు" అన్నడు నాయిన.
"ఎవరి మిల్లు?"